వంగని ఇనుము

ఫణికుమార్ నాకు ఏ అన్యాయమూ చేయలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తప్పు పట్టొద్దు. అన్యాయం చేసిన మనిషినైతే తిట్టుకోవచ్చు, మేముండే గదుల లైన్లో నలుగురినీ కూర్చోబెట్టి వాడి బండారం బయటపెట్టొచ్చు. మంచి చేసే మనిషి మీద కడుపు మండితే ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే నవ్వుతారు. అందుకే ఏడాదిపాటు ఆ మంట నాలోనే దాచుకున్నాను.

నా పేరు సోమలింగం. మాది సిరిసిల్ల. పదిహేడేళ్ళప్పుడు సూరత్ వచ్చాను, ఇప్పుడు నలభై రెండు. వడోద్‌లో నూట ఇరవై మగ్గాల కార్ఖానాలో ఫిట్టర్ని. ఏ మగ్గం ఆగినా ‘సోమలింగాన్ని పిలువు’ అంటారు. మగ్గంలో నూలు మోసే నాడెను ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టే కట్టె కర్రలు వారానికి నాలుగైదు విరుగుతాయి. అవి మార్చడమే నా పనిలో సగం. మిగతా సగం, సరిపోని సామానును సరిపోయేట్టు చేయడం. బిగుతైతే ఆకురాయితో రాకుతాను, వదులైతే పాకింగ్ పెడతాను. నా చేతిలో పడ్డ సామాను కూర్చోకుండా పోయింది లేదు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి.

మాకు ఒక్కతే బిడ్డ, చాందిని. పదహారేళ్ళది. ఏ పని చేసినా పరుగే, నడక అనేది దానికి తెలియదు. తాపీ వరద వచ్చిపోయిన తర్వాత దానికొక సైకిల్ తెచ్చాను. తుక్కు దుకాణంలో మెడదాకా బురద నిండి పడి ఉంది. లావు టైర్లు, వెనక ఏడు పళ్ళచక్రాలు, ఎత్తితే దూది మూటంత తేలిక. మౌంటెన్ బైక్ అంటారట, ఫ్రేము అల్యూమినియం. భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి, పది రోజులు కిరసనాయిల్లో కడిగి, తుడిచి, నూనె పెట్టి నిలబెట్టాను. చాందిని దాని చుట్టూ మూడుసార్లు తిరిగి నా మెడకు వేలాడింది. ఆ సైకిల్ దానికి నేనిచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేను మాత్రం ఒక్క నిమిషం కూడా మర్చిపోలేదు.

వెనక టైరు వరదలో కుళ్ళిపోయింది. టైరు మీద ఇరవై ఆరు అని ఉంటే, దుకాణానికి పోయి ఇరవై ఆరు టైరు అడిగి తెచ్చాను. సులువుగా ఎక్కింది. నాకు సంబరమైంది. తీరా గాలి కొడితే ఒక పక్క నుంచి ట్యూబు బుడగలా బయటికి పొంగింది. వదులైతే ఏం చేస్తాం? పాకింగ్ పెడతాం. పాత టైరును పట్టీలుగా కోసి, రిమ్ము చుట్టూ వేసి, మళ్ళీ ఎక్కించాను. నిలబడింది. చక్రం తిప్పితే కొంచెం తాగినవాడిలా ఊగింది గానీ నిలబడింది.

“గిట్లనే ఉంటదా బాపూ?” అంది చాందిని.

“నీకేం తెలుసు, తొక్కు,” అన్నాను.

ఆ ఆదివారం అది డూమస్ రోడ్డు మీద పేలింది. అదీ ఎవరి ముందు? ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కడ సైకిళ్ళు తొక్కే షోకిలాల గుంపు ఒకటుంది. వాళ్ళ ముందు. ఆ గుంపులో ఉన్నవాడే ఈ ఫణికుమార్. రాజమండ్రి వైపు మనిషి, బ్యాంకులో ఆఫీసరు, భటార్‌లో ఫ్లాటు. నలభై దాటినా పొట్ట లేదు. నా పాకింగ్ పట్టీలు ఒక్కొక్కటీ బయటికి లాగి, నవ్వకుండా, చాందినికి చెప్పాడట: “ఇరవై ఆరు అని రాసి ఉన్నవన్నీ ఒకటే ఇరవై ఆరు కాదమ్మా. మామూలు సైకిల్ రిమ్ము వేరు, దీని రిమ్ము వేరు. పేరు చూసి కొనకూడదు, కొలిచి కొనాలి.” తన దగ్గరున్న పాత టైరు ఎక్కించి పంపించాడు.

నవ్వినా బాగుండేది. నవ్వితే నాకు తిట్టడానికి ఒక దారి దొరికేది.

అప్పటి నుంచి మా ఇంట్లో ‘ఫణి అంకుల్’ మొదలయ్యాడు. బ్రేకు రబ్బరు మార్చాలంటే ఫణి అంకుల్. గొలుసు ఎంత పొడవుండాలో ఫణి అంకుల్. అన్నం తింటూ కూడా అతని మాటే. “ఫణి అంకుల్ చెప్పిండు బాపూ, ఏడు పళ్ళచక్రాల బండికి తొమ్మిదింటి చైను పడదంట. సన్నగుంటదంట.” నేను పప్పు కలుపుకుంటూ తల ఊపేవాణ్ణి.

చాందిని ఒక నోటు పుస్తకం పెట్టింది. సైకిల్లో ఉన్న ప్రతి ముక్కా బొమ్మ గీసి, పక్కన కొలతలు రాసింది. మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో ‘కొనే ముందు కొలువు’ అని రాసుకుంది. ఎవరి మాటో అడగక్కర్లేదు. నాకు కొలవడం నేర్పడానికి వచ్చాడయ్యా పెద్దమనిషి! ఇరవై ఏళ్ళుగా నా పెట్టెలో వెర్నియర్ ఉంది. వెంట్రుక మందం చెప్పగలను. ఒకసారి చిన్నప్పుడు చాందిని దాన్ని ముట్టుకుంటే “పాడు చేస్తవ్, పెట్టెయ్” అని అరిచాను. నిజమే, అరిచాను. ఇప్పుడు అదే వెర్నియర్‌ను నన్నడిగి తీసుకుపోయి, దాన్ని చదవడం ఆయన దగ్గర నేర్చుకుని వచ్చింది. వెర్నియర్ నాది, బిడ్డ నాది, విద్య మాత్రం ఆయనది! అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఆయనకు పిల్లల్లేరంట, పాపం. గందుకే మన పిల్ల మీద గంత ప్రేమ,” అంది నా భార్య రాజమ్మ.

రాజమ్మకు జాలి కలిగింది. నాకు భయం వేసింది.

ఇలా ఉండగా రేసు సంగతి వచ్చింది. జనవరి ఆఖరి ఆదివారం, డూమస్ దాటాక ఇసుక దారుల్లో ఆడపిల్లలకు సైకిల్ పోటీ. మొదటి ముగ్గురిని అహ్మదాబాద్‌లో రెండు నెలల శిక్షణకు తీసుకుంటారు. అక్కడ బాగా తొక్కితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు కూడా అక్కడే. రాజమ్మ మొదట ఒప్పుకోలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. “ముగ్గురిల ఉంటే పో. లేకుంటే పన్నెండో తరగతి కాంగనే సైకిల్ బంద్. నా తోటి కూసొని చీరలకు మెరిసే టిక్కీలు అంటించు.” మా లైన్లో ఆడపిల్లలందరూ చేసేది ఆ పనే. జిగురు వాసనకు తలనొప్పి, నలభై ఏళ్ళకే కళ్ళజోడు. చాందిని సరేనంది. “ముగ్గురిల కాదు, ఒకటో నంబరే వస్త చూడు,” అంది. నాక్కూడా ఆ మాట నిజమవుతుందనే అనిపించింది. దాని తొక్కుడు నేను చూశాను.

రేసు ఇంకా మూడు వారాలుందనగా ఒక పొద్దున లైన్లోకి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. డ్రమ్ముల తోపులాటలో ఎవరిదో నిండు డ్రమ్ము గోడకు ఆనించిన సైకిల్ మీద పడింది. చూస్తే అంతా బాగానే ఉంది, వెనక చక్రం పక్కన ఒక చిన్న ముక్క మాత్రం పుటుక్కున విరిగింది. గొలుసును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే పరికరం ఒకటుంటుంది. ఫ్రేముకూ ఆ పరికరానికీ మధ్య బొటనవేలంత ముక్క. హ్యాంగర్ అంటారట. అది లేకపోతే గేర్లు లేవు. గేర్లు లేకపోతే ఇసుకలో రేసు లేదు.

“ఫణి అంకుల్‌ని అడుగుత,” అంది చాందిని.

“ఎందుకు? నీ అయ్య సచ్చిండా?” అన్నాను. రాజమ్మ నా వైపు అదోలా చూసింది.

విరిగిన రెండు ముక్కల్నీ రుమాల్లో కట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. ఉధనాలో ఒక దుకాణం వాడు రుమాలు విప్పగానే చేతులెత్తేశాడు: “కాకా, ఆ తో కంపనీనో మాల్ ఛే. అహీం నహీ మళే.” కంపెనీ సరుకట, ఇక్కడ దొరకదట. ఇంకొకడు మామూలు సైకిల్ గొలుసు బిగించే ముక్క తెచ్చి “ఇదే, పెట్టుకో” అన్నాడు. తొమ్మిదో నంబరు చెప్పు అడిగితే చేతి గాజు ఇచ్చినట్టుంది వాడి యవ్వారం. పర్వత్ పాటియాలో ఒక ముసలాయన మాత్రం ఓపిగ్గా ఒక డబ్బా బోర్లించాడు. పదిహేను హ్యాంగర్లు! నా ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూస్తూ పోయాను, పెళ్ళి సంబంధాలు చూసినట్టు. ఒకదానికి రంధ్రం కలిస్తే వంపు కలవదు. ఇంకోదానికి వంపు కలిస్తే మందం ఎక్కువ. ఒకటి అచ్చం ఇలాగే ఉంది, తీరా చూస్తే రెండు రంధ్రాల మధ్య దూరం మూడు మిల్లీమీటర్లు తేడా. ఒక్కో ఫ్రేముకు ఒక్కో హ్యాంగరట. ఒకే కంపెనీ వాడు కూడా ఏడాదికొకటి మారుస్తాడట. ఇదెక్కడి న్యాయం! మగ్గాలు వంద కంపెనీలవి చూశాను, ఇంత పొగరున్న సామాను చూడలేదు.

నేను ఉత్త చేతులతో ఇంటికొచ్చేసరికి చాందిని ఆ విరిగిన ముక్క బొమ్మను కొలతలతో సహా ఫణికుమార్‌కు ఇచ్చేసి వచ్చింది. ఆయన పూణేలో ఎవరో స్నేహితుడి దుకాణానికి పంపించాడట.

“దొరుకుతదంట బాపూ! వారంల వస్తదంట!”

“మంచిది,” అన్నాను. అన్నానంతే. లోపల మాత్రం ఒకటే మాట: అది రాకముందే నేను చేయాలి.

సంక్రాంతికి, ఇక్కడి ఉత్తరాయణ్‌కు, కార్ఖానా రెండు రోజులు మూత. ఊరంతా మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తుంటే నేను కార్ఖానాలో నా బల్ల దగ్గర కూర్చున్నాను. పాత మగ్గం నుంచి తీసిన ఉక్కు పట్టీ ఒకటి దాచి ఉంచాను. రంపం పళ్ళు మూడు పోయాయి దాన్ని కోయడానికి. రెండు రోజులూ ఆకురాయితో రాకాను. విరిగిన ముక్కలు పక్కన పెట్టుకుని, వెర్నియర్‌తో కొలుస్తూ, రాకుతూ, మళ్ళీ కొలుస్తూ. వేళ్ళు బొబ్బలెక్కాయి. మా పక్క గదిలో ఉండి మగ్గం నడిపే మా ఊరి సాంబయ్య చాయ్ తెచ్చిచ్చి చేతిలోకి తీసుకుని చూశాడు.

“గింత గట్టి ఇనుమెందుకే అన్నా? ఇరిగింది జర మెత్తగున్నట్టుంది గదా.”

“మెత్తగున్నది కాబట్టే ఇరిగింది. ఇది జన్మల ఇరగదు,” అన్నాను.

సాంబయ్య ఇంకేదో అనబోయి, నా మొహం చూసి చాయ్ గ్లాసు తీసుకుని పోయాడు.

ముక్క అద్దంలా తయారైంది. ఆ మర్నాడు మధ్యాహ్నం, కార్ఖానా గేటు దగ్గర నీకోసం ఎవరో వచ్చారన్నారు. పోయి చూస్తే ఫణికుమార్. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచీ.

“నమస్తే సోమలింగం గారూ. ఇంటికెళ్ళే టైము లేదండీ. బ్యాంకు ట్రెయినింగని హైదరాబాద్ పోతున్నాను, రేసు రోజు పొద్దున్నే వస్తాను.” జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. “పాప హ్యాంగరండీ. పూణే నుంచి వచ్చింది. మీరే బిగించండి. ఆ పని నాకంటే మీ చేతికే బాగా తెలుసు.”

చూశారా? అదీ ఆ మనిషి పద్ధతి. ఇచ్చేది తాను, గొప్ప మాత్రం నాకంటగట్టి పోతాడు. పుండు మీద కారం చల్లి, విసనకర్రతో విసిరినట్టుంది నాకు.

“సరే సార్,” అన్నాను. చెయ్యి చాచి తీసుకున్నాను. పొట్లం మీద అందమైన దస్తూరీతో ‘చాందినికి, అభినందనలతో’ అని రాసి, కింద పదహారో తేదీ వేసి ఉంది. గెలవకముందే అభినందనలు!

బల్ల దగ్గరికి వచ్చి పొట్లం విప్పాను. తెల్లగా, తేలిగ్గా, అల్యూమినియం ముక్క. గోరుతో గీరితే గీత పడేట్టుంది. ‘ఇదా! ఇదీ ఒక సామానేనా!’ అనుకున్నాను. నా ఉక్కు ముక్కను పక్కన పెట్టి చూశాను. నాదే అందంగా ఉంది. నాదే బలంగా ఉంది. పొట్లాన్ని మళ్ళీ మడిచి, పనిముట్ల పెట్టెలో అడుగున, నూనె గుడ్డల కింద పెట్టాను. ఎవరూ చూడలేదు. పెట్టె మూత వేశాక చేతులు కడుక్కున్నాను.

సాయంత్రం సైకిల్‌కు నా ముక్క బిగిస్తుంటే చాందిని పరుగెత్తుకుంటూ వచ్చింది.

“ఫణి అంకుల్ పార్ట్ వచ్చిందా బాపూ?”

“రాలే,” అన్నాను.

ఒక్క మాట. రెండక్షరాలు. ఎంత సులువుగా వచ్చిందో నోట్లోంచి.

“మరి గిదేంది?”

“నేను చేసిన.”

దాని కళ్ళు చూడాలి మీరు! ముక్క మీద వేలుతో నిమిరింది. చక్రం ఎత్తి పెడల్ తిప్పింది. గొలుసు ఒక్కో పళ్ళచక్రం మీదికి టక్ టక్‌మని ఎక్కింది, దిగింది. ఒక్క గేరూ తప్పలేదు. “సాలిడ్ ఉంది బాపూ! నువ్వు నిజంగ చేతితోని చేసినవా?” అని లైన్లో ప్రతి గడపకూ పోయి చెప్పింది. ఏడాదిగా ఆ మాట కోసం మొహం వాచి ఉన్నాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. అబద్ధమాడినవాడికి నిద్ర పట్టదంటారు గానీ అదేం లేదు.

పదకొండు రోజులు అది గాలిలా తొక్కింది.

రేసు రోజు నేను ఆఖరి మలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి గమ్యం రెండు కిలోమీటర్లు. ముందొక పారసీ పిల్ల వచ్చింది, దాని వెనకే నా బిడ్డ. రెండో స్థానం! వెనకనున్నవాళ్ళు చాలా దూరంలో ఉన్నారు. “తొక్కు బిడ్డా!” అని గొంతు చించుకున్నాను. అంతలో ముందున్న పిల్ల చక్రం ఇసుకలో దిగబడి అడ్డం తిరిగింది. చాందిని తప్పించబోయి గేర్ల వైపే పడింది. రెండు సైకిళ్ళూ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. ఇద్దరూ లేచారు, విడదీసుకున్నారు. ఆ పిల్ల తన సైకిల్ వెనక వైపు చూసుకుని, వంగిన ముక్కనేదో చేత్తో గట్టిగా గుంజి, ఎక్కి పోయింది. చాందిని కూడా ఎక్కింది. బలమంతా పెట్టి ఒక్క తొక్కు తొక్కింది.

ఫట్‌మని శబ్దం వచ్చింది. చక్రం పక్కకు ఒరిగింది.

నేను ఉరికాను. నా ఉక్కు ముక్క చెక్కు చెదరలేదు. దాన్ని పట్టుకునుండే ఫ్రేము చెవే మొదలంటా చీలిపోయింది.

చాందిని ఒక్క క్షణం చూసింది. ఏడవలేదు. సైకిల్‌ను భుజాన వేసుకుని ఇసుకలో పరుగు మొదలుపెట్టింది. సైకిల్‌తో పాటు గీత దాటితేనే లెక్కట. రెండు కిలోమీటర్లు. నేను పక్కనే ఉరుకుతూ “నేను మోస్త, ఇయ్యి బిడ్డా” అంటే “నువ్వు ముట్టుకోవద్దు బాపూ, రేసులకెల్లి తీసేస్తరు” అంది. ఒక్కొక్కరే దాన్ని దాటిపోయారు. ఎనిమిదో స్థానంలో గీత దాటి అక్కడే కూలబడింది.

ఫణికుమార్ అక్కడే ఉన్నాడు, స్టేషన్ నుంచి నేరుగా వచ్చినట్టు సంచీ భుజానే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ఫ్రేము చూశాడు. నా ముక్క మీద వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే ఆగింది. తల ఎత్తి నా వైపు చూశాడు. తనిచ్చింది అల్యూమినియం, ఇది ఉక్కు. గుడ్డివాడికైనా తెలుస్తుంది.

“ఇది...” అన్నాడు.

“మా బాపు చేసిండు అంకుల్!” చాందిని రొప్పుతూనే లేచి నిలబడింది. చుట్టూ ఉన్న సైకిల్ వాళ్ళందరికీ వినబడేట్టు అంది: “చూడుండ్రి, జరంత గూడ వంగలే! ఫ్రేమే కమ్‌జోర్ ఉండె. మా బాపు పార్ట్‌కి ఏం గాలే.”

గుంపులో ఒకాయన వంగి చూసి, “అరే, హ్యాంగర్ వంగాలి కదా భాయ్. ఫ్రేము బతకాలనే దాన్ని మెత్తగా చేస్తారు. వంగుంటే చేత్తో తిప్పుకుని పోయేది,” అన్నాడు హిందీలో. “అసలుది దొరకలేదా?”

ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి కళ్ళ ముందుకొచ్చింది. నేను కొత్తగా ఫిట్టర్ పనిలో చేరినప్పుడు, నాడె కర్రలు ఊరికే విరుగుతున్నాయని విసిగి, ఒక మగ్గానికి కట్టె కర్ర తీసి ఇనుప కర్ర బిగించాను. తెలివైన పని చేశాననుకున్నాను. ఆ మధ్యాహ్నమే నాడె ఇరుక్కుంది. ఇనుప కర్ర విరగలేదు, మగ్గం పక్క చట్రమే పగిలింది. మా ఉస్తాద్ కనకయ్య నా చెంప పగలగొట్టి, “కర్ర ఇరుగుతెనేరా మగ్గం బతికేది! ఇరిగేతందుకే దాన్ని కట్టెతోని చేస్తరు!” అన్నాడు. అప్పటి నుంచి వేల కర్రలు మార్చాను. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు సూరత్‌లో లేడు. సాంబయ్యకు కూడా తెలుసు, అందుకే ఆ రోజు అనబోయాడు. తెలిసి తెలిసి నా కళ్ళల్లో నేనే నిప్పులు పోసుకున్నాను.

ఫణికుమార్ లేచి ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. “అసలుది నేను తెప్పిస్తానన్నానండీ,” అన్నాడు ఆ మనిషితో. “టైముకు అందివ్వలేకపోయాను. నాదే ఆలస్యం. సారీ అమ్మా చాందినీ.”

నేను నోరు తెరవలేదు. తెరవాల్సింది. గుంపులో ఒకరిద్దరు ఆయన వైపు అదోలా చూశారు, పిల్ల రేసు పాడు చేశాడన్నట్టు. ఆయన ఆ నింద పడ్డాడు. నేను చూస్తూ ఉన్నాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. రాజమ్మ జిగురు డబ్బాను మూలనుంచి ముందుకు జరిపి పెట్టింది. చాందిని ఫ్రేము నుంచి నా ముక్కను స్పానర్‌తో విప్పి, బట్టతో తుడిచింది.

“గిది పారెయ్య బాపూ. దాచిపెడ్త. నీ పెట్టెల పెట్టనా? నీ మంచి సామాను కాడ?”

పెట్టె మంచం కింద ఉంది. చాందిని బయటికి లాగి మూత తీసింది. పై అరలో స్పానర్లు, ఆకురాళ్ళు. “ఈడ తుప్పు పడ్తది, కింద నూనె గుడ్డల పెడ్త,” అంటూ చెయ్యి లోపలికి పోనిచ్చింది.

వద్దు అనొచ్చు. ఇలా ఇయ్యి, నేను పెడతాను అనొచ్చు. ‘రాలే’ అన్నంత సులువే అదీ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

దాని చెయ్యి పొట్లంతో బయటికి వచ్చింది. పైన రాసింది చదివింది. తేదీ చదివింది. విప్పింది. తర్వాత పెట్టెలోంచి నా వెర్నియర్ తీసింది. తెల్ల ముక్కను కొలిచింది. నా ముక్కను కొలిచింది. మందం, రంధ్రాల మధ్య దూరం, వంపు. ఒక్కొక్కటీ రెండేసిసార్లు కొలిచింది.

“రెండు ఒక్కటే ఉన్నయ్,” అంది. “నీ కొలత యాడ తప్పలే బాపూ. ఎందుకు మరి?”

సాకులు నూరున్నాయి. ఒక్కటీ పనికిరాలేదు.

“ఓర్వలేకపోయిన బిడ్డా,” అన్నాను. “నువ్వు ఆయన పేరు తీస్తుంటే ఓర్వలేకపోయిన.”

రాజమ్మ చేతిలో చీర అలాగే ఆగిపోయింది. చాందిని వెర్నియర్‌ను తుడిచి, దాని సంచీలో పెట్టి, పెట్టెలో తన చోట ఉంచింది. నా ముక్కను కూడా నూనె గుడ్డలో చుట్టి పక్కనే పెట్టింది. తెల్ల ముక్క మాత్రం నా చేతిలో పెట్టింది.

“అంకుల్ అందరి ముంగట తన మీద ఏస్కున్నడు,” అంది. “నువ్వు చూస్కుంట నిలబడ్డవ్.”

నాకు వాత పెట్టినట్టయింది. లేచి చొక్కా తొడుక్కున్నాను. పొట్లం జేబులో పెట్టుకున్నాను. రాజమ్మ “అన్నం తిని పో” అంది, ఆగలేదు.

లైను దాటి పెద్ద రోడ్డు ఎక్కాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే చాందిని. పలకరించలేదు, పక్కకూ రాలేదు. నాలుగడుగుల దూరం వదిలి నడుస్తోంది. పరుగు తప్ప నడక తెలియని పిల్ల. నేను మెల్లగా నడిస్తే తనూ మెల్లగా నడిచింది, ఆగితే ఆగింది. ఆ నాలుగడుగులూ భటార్ దాకా, ఫణికుమార్ తలుపు గంట నొక్కేదాకా, అలాగే ఉన్నాయి.